విశ్వవిద్యాలయంలో సాంకేతిక రచన ఎలా బోధించాలి: నల్లగొండ నీళ్లే పాఠంగా ఒక సెమిస్టరు

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో డిగ్రీ, పీజీ లేదా ఇంజినీరింగ్ విద్యార్థులకు సాంకేతిక రచన, కమ్యూనికేషన్ అనే పేపరు చెప్పే బాధ్యత మీకు అప్పగిస్తే, సిలబస్ కాగితం చేతికి రాగానే అందులోని వరుసలోనే పాఠం మొదలుపెట్టకండి. ఆ వరుస సాధారణంగా కమ్యూనికేషన్ నిర్వచనంతో మొదలై, దాని రకాలు, దానికి ఎదురయ్యే అవరోధాలు, లేఖలు, రిపోర్టులు అంటూ సాగుతుంది. విద్యార్థి వాటిని కంఠస్థం చేసి పరీక్ష రాస్తాడు. అదే విద్యార్థిని, నిన్న ల్యాబులో నువ్వు చేసిన ప్రయోగాన్ని మరొకరు చదివి చేయగలిగేలా అరపేజీ రాయమంటే కలం కదలదు. విద్యార్థి రాసిన కాగితం పట్టుకొని, అతను పక్కన లేకపోయినా, ఇంకొక మనిషి ఒక పని పూర్తి చేయగలగాలి, లేదా ఒక నిర్ణయం తీసుకోగలగాలి. ఈ పేపరు ఉన్నది అందుకే. కింద చెప్పిన పద్ధతి అంతా ఆ పరీక్షకు నిలబడే రచనను విద్యార్థుల చేత రాయించడం కోసం.

ఈ పద్ధతికి మీ విభాగంలో అభ్యంతరం వస్తే చెప్పడానికి ఒక ఆధారం ఉంది. ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో భారతదేశం 2014లో శాశ్వత సభ్యత్వం పొందింది. దానికి అనుగుణంగా, కోర్సులకు గుర్తింపునిచ్చే నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ ఇంజినీరింగ్ విద్యార్థికి ఉండవలసిన లక్షణాలుగా అప్పట్లో ప్రకటించిన పన్నెండింటిలో పదవది కమ్యూనికేషన్. రిపోర్టులు చదివి అర్థం చేసుకొని రాయగలగడం, నలుగురి ముందు వివరించగలగడం, స్పష్టమైన సూచనలు ఇవ్వడం, ఇచ్చిన సూచనలను అందుకోవడం అందులో ఉండేవి. సూచనలు ఇవ్వడం అనే మాట అక్కడ ఊరికే చేర్చింది కాదు. మన తరగతుల్లో అందరికంటే తక్కువ శ్రద్ధ దక్కుతున్నది దానికే.

సెమిస్టరుకు ఒకే విషయం తీసుకోండి

వారానికొక కొత్త అంశం ఇస్తే విద్యార్థి శక్తి అంతా ఆ అంశాన్ని తెలుసుకోవడానికే సరిపోతుంది, రాయడానికి మిగలదు. అందువల్ల మీ ప్రాంతంలో అందరికీ పరిచయమున్న సాంకేతిక విషయాన్ని ఒకదాన్ని ఎంచుకొని, సెమిస్టరు పొడుగునా దాన్నే రకరకాల పాఠకుల కోసం రాయించండి. మిర్యాలగూడ వైపు విద్యార్థులు ఎక్కువగా ఉంటే రైసు మిల్లులో వడ్లు నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టే క్రమం పనికివస్తుంది. హుజూర్‌నగర్ వైపు వాళ్లయితే సిమెంటు ఫ్యాక్టరీలో భద్రతా సూచనలు తీసుకోవచ్చు. పాలమూరు విశ్వవిద్యాలయంలో చెప్పేవారు బోరు మోటారు స్టార్టరు డబ్బాను గానీ, పత్తి చేలో మందు కొట్టే పద్ధతిని గానీ, గద్వాల మగ్గాన్ని గానీ తీసుకోవచ్చు. నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం విద్యార్థులకు నేను సూచించేది మాత్రం ఫ్లోరైడ్ నీళ్ల సంగతి.

దీనికి కారణాలున్నాయి. ఈ జిల్లా గ్రానైటు నేలలో బోరు లోతుకు పోయేకొద్దీ రాళ్లలోని ఫ్లోరైడ్ నీళ్లలో కరిగి వస్తుంది. మర్రిగూడ వంటి మండలాల్లో ఆ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను చూసిన విద్యార్థులు మీ తరగతిలోనే ఉంటారు. 2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా శుద్ధి చేసిన నీళ్లు ఊళ్లకు వస్తున్నా, బోరు నీళ్ల పరీక్ష, వాటి లెక్కలు, వాటి మీద రాతకోతలు ఈ ప్రాంతపు చదువులో భాగంగానే ఉన్నాయి. పైగా, నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే ఉంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, ఏర్పడిన మడ్డి అడుగుకు దిగాక పై తేటను తీసుకునే ఆ పద్ధతి ఒక బకెట్టులోనూ చేయవచ్చు, ఊరంతటికీ సరిపోయే తొట్టిలోనూ చేయవచ్చు. బకెట్టు దగ్గర ఉండే ఇల్లాలికి, సర్పంచికి, ఇంజినీరుకు, పరిశోధన పత్రం దిద్దే పరీక్షకుడికి ఒకే విషయాన్ని నాలుగు రకాలుగా రాయవలసి వస్తుంది. సాంకేతిక రచనలో నేర్పవలసినది దాదాపు అంతా ఈ నాలుగు కాగితాల మధ్య తేడాలో దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. ఫ్లోరోసిస్ బాధితుల ఫొటోలను వారి అనుమతి లేకుండా స్లైడ్ల మీద పెట్టడానికి ఎవరినీ అనుమతించకండి. ఆ మనుషులు విద్యార్థుల బంధువులు, ఊరివాళ్లు. వారి బాధ తరగతిలో ప్రదర్శన వస్తువు కాకూడదు.

రాయించే ముందు చదివించండి

మొదటి రెండు వారాలు కలం పట్టనివ్వకండి. ఇంట్లో, చేలో, దుకాణంలో దొరికే సాంకేతిక కాగితాలను విద్యార్థుల చేతనే తెప్పించండి. పురుగుల మందు డబ్బా మీది లేబులు, ఓఆర్ఎస్ ప్యాకెట్టు, మోటారు స్టార్టరు లోపల మూతకు అంటించిన వైరింగు బొమ్మ, ప్రెషర్ కుక్కరుతో వచ్చే చిన్న పుస్తకం, ఏవైనా సరే. డబ్బాలు తెచ్చేటప్పుడు ఖాళీవైనా మందు డబ్బాలు వద్దని, లేబులు ఫొటో చాలునని ముందే గట్టిగా చెప్పండి.

మందు లేబులు మీది త్రిభుజం దగ్గర ఒక గంట ఆగవచ్చు. ఎరుపు అత్యంత విషపూరితానికి, పసుపు అధిక విషానికి, నీలం మధ్యస్థానికి, ఆకుపచ్చ తక్కువ విషానికి గుర్తు. చదువు రాని రైతు కూడా చూడగానే జాగ్రత్త పడాలని చేసిన ఏర్పాటు ఇది. ఇప్పుడు తరగతిని రెండు ప్రశ్నలు అడగండి. ఆకుపచ్చ త్రిభుజం చూసిన మనిషికి ఇది ప్రమాదం లేని మందు అని తోచే అవకాశం ఉందా? మందు ఎంత నీళ్లలో ఎంత కలపాలో ఆ కాగితంలో ఎక్కడ దొరికింది, దాన్ని వెతకడానికి ఎంతసేపు పట్టింది? వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ నోరు విప్పుతారు, ఎందుకంటే తరగతిలో మొదటిసారి వారికి తెలిసిన విషయమే పాఠమైంది. వారు చెప్పిన ప్రతి లోపాన్నీ బోర్డు మీద రాయండి: అక్షరాలు చిన్నవి, కొలత చివర్లో ఉంది, హెచ్చరిక పనికి ముందు రాలేదు, బొమ్మలో ఉన్న పేరు ఒకటి, రాతలో ఉన్న పేరు ఇంకొకటి. ఆ జాబితాను చెరపకుండా అందరి చేతా నోటు పుస్తకంలో ఎక్కించండి. రచనను దిద్దడానికి మీరు వాడబోయే కొలమానం అదే, విద్యార్థులు తామే తయారు చేసుకున్నది కాబట్టి దాని మీద తర్వాత వాదన రాదు.

పాఠకుణ్ని కాగితం మీద పెట్టించండి

మూడో వారంలో రచన మొదలవుతుంది. విషయం గురించి ఒక్క వాక్యమైనా రాయకముందే, ప్రతి విద్యార్థి పేజీ పైభాగాన నాలుగు సంగతులు రాయాలి: ఈ కాగితాన్ని చదివేది ఎవరు, వారికి ఇప్పటికే ఏం తెలుసు, చదివాక వారు ఏం చేయాలి, తప్పు జరిగితే నష్టం ఎవరికి. చివరి ప్రశ్నను దాటవేయనివ్వకండి. పటిక కొలత తప్పితే ఆ నీళ్లు తాగేది ఒక ఇంటి పిల్లలు. ఆ సంగతి తన చేత్తో రాసుకున్న విద్యార్థి తర్వాత ‘తగినంత’ అనే మాట రాయడానికి వెనుకాడతాడు.

‘సామాన్య ప్రజలు’ అనే జవాబును ఒప్పుకోకండి. ఏ ఊరు, ఎంత చదువు, కళ్లద్దాలు ఉన్నాయా, కాగితం చదివేటప్పుడు చేతులు తడిగా ఉంటాయా అని అడుగుతూ పోతే, విద్యార్థికి తన మేనత్తో పక్కింటి అక్కో కళ్ల ముందు కనిపిస్తుంది. అప్పుడు రాసే వాక్యం దానంతట అదే మారుతుంది.

సూచనలు రాయించడం

సెమిస్టరులో ఎక్కువ సమయం ఇవ్వవలసింది దీనికే. ఒక ఇంట్లో బకెట్టుతో నల్లగొండ టెక్నిక్ చేసే విధానాన్ని ఒక పేజీలో రాయమనండి. మొదటి ముసాయిదాలు దాదాపు అన్నీ ఈ ధోరణిలో వస్తాయి:

‘నీటిలో తగినంత పటికను వేసి బాగుగా కలిపి కొంతసేపు ఉంచిన యెడల శుద్ధమైన నీరు లభించును. పటిక వేయుటకు పూర్వము సున్నము కలిపియుండవలెను.’

దీన్ని దిద్దకుండా బోర్డు మీద ఉన్నదున్నట్టు రాసి, ఒక విద్యార్థిని పిలిచి, చేతిలో ఖాళీ బకెట్టు పెట్టి, రెండో వాక్యం మూసేసి, మొదటి వాక్యం ప్రకారం నటించి చూపమనండి. అతను పటిక వేసేస్తాడు. అప్పుడు రెండో వాక్యం తెరవండి. సున్నం ముందే కలిపి ఉండాలట! చేసే పని ఏ వరుసలో ఉంటుందో రాత కూడా ఆ వరుసలోనే ఉండాలన్న నియమాన్ని ఇక మీరు వేరే చెప్పనక్కరలేదు. తరువాత ‘తగినంత’, ‘బాగుగా’, ‘కొంతసేపు’ అనే మూడు మాటల కింద గీత గీయించి, ఒక్కొక్కదాని స్థానంలో ఏ కొలత రావాలో వెతకమనండి.

ఇక్కడ విద్యార్థులకు ఒక ముఖ్యమైన అడ్డంకి ఎదురవుతుంది, అది ఎదురుకావడమే మంచిది. కలిపే సమయం, తేరే సమయం దొరుకుతాయి. ఇంటి పద్ధతిలో పటిక పోశాక నెమ్మదిగా పది నిమిషాలు కలిపి, సుమారు గంటసేపు కదపకుండా ఉంచుతారు. కానీ పటిక ఎంత అనే ప్రశ్నకు ఒకే అంకె జవాబుగా ఉండదు. అది ఆ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉంది, క్షారత ఎంత ఉంది అన్న రెండింటి మీదా ఆధారపడుతుంది. బోరు మారితే కొలత మారుతుంది. అంటే రచయిత తన ఊహతో అంకె వేయకూడదు, ‘తగినంత’ అని తప్పించుకోనూ కూడదు. రసాయన శాస్త్ర విభాగానికి వెళ్లి అడగాలి, పరీక్ష ఫలితం చూపించి కొలత రాయించుకోవాలి, ఆ కొలత ఏ బోరుకు వర్తిస్తుందో కాగితం మీద పైనే స్పష్టంగా రాయాలి. తెలిసిన మనిషిని వెతికి, సరైన ప్రశ్నలు అడిగి, జవాబును సరిగా రాసుకోవడం సాంకేతిక రచయిత పనిలో పెద్ద భాగం. మన సిలబస్‌లలో దీనికి చోటు లేదు కాబట్టి మీరే కల్పించాలి.

రెండు మూడు సవరణల తర్వాత అదే భాగం ఇలా మారాలి:

‘అడుగు నుంచి మూడు, అయిదు సెంటీమీటర్ల మధ్య ఎత్తున కుళాయి ఉన్న బకెట్టు తీసుకోండి. కుళాయి కట్టి ఉందో లేదో చూసి, మెడ వద్ద గీత వరకు నీళ్లు పోయండి. ముందుగా ఒకటో నంబరు సీసాలోని సున్నపు నీళ్లు మొత్తం పోసి కలపండి. తరువాత రెండో నంబరు సీసాలోని పటిక నీళ్లు మొత్తం పోసి, పది నిమిషాలు నెమ్మదిగా కలపండి. గంటసేపు బకెట్టును కదపకండి. కుళాయి తిప్పి తేట నీళ్లు పట్టుకోండి. తెల్లటి మడ్డి రావడం మొదలైతే వెంటనే కుళాయి కట్టేయండి.’

ఒక్కో వాక్యంలో ఒక పని లేదా రెండు పనులే ఉన్నాయి. కుళాయి అడుగుకు కొంచెం పైన ఎందుకుండాలో చివరి వాక్యం చదివితే తెలుస్తుంది. సీసాలకు నంబర్లు వేయడం ఆ విద్యార్థి ఆలోచన కావచ్చు, కానీ అది భాషకు సంబంధించిన మార్పు కాదు, వస్తువులో చేసిన మార్పు. రాత ఎంత బాగున్నా పని సులువు కాకపోతే, పని జరిగే తీరునే మార్చాలని సూచించే హక్కు రచయితకు ఉందని విద్యార్థులకు చెప్పండి. బ్లీచింగ్ పౌడర్ సంగతి, మడ్డిని ఎక్కడ పారబోయాలన్న సంగతి కాగితంలో ఇంకా రాలేదని మీరు చెప్పకముందే ఎవరో ఒకరు అడుగుతారు. అడగకపోతే ఒక రోజు ఆగి చూడండి.

చేసి చూడటం

రాసిన సూచనలను మీరు చదివి మార్కులు వేయడంతో ముగిస్తే ఈ పాఠం సగమే అవుతుంది. విషయం తెలియని మనిషి చేత చేయించి చూడాలి. ల్యాబు అటెండరును గానీ, క్యాంటీన్‌లో పనిచేసే అమ్మను గానీ, వేరే విభాగం విద్యార్థిని గానీ ముందే అడిగి, వారి సమయానికి విలువ ఇచ్చి పిలవండి. ‘మేము పరీక్షిస్తున్నది మిమ్మల్ని కాదు, మా పిల్లలు రాసిన కాగితాన్ని’ అని మొదటే చెప్పాలి, లేకపోతే తమకు చదువు తక్కువని వారు చిన్నబుచ్చుకుంటారు. ఈ ప్రయోగమంతా రసాయన శాస్త్ర అధ్యాపకుల సమక్షంలో జరగాలి. శుద్ధి చేసిన ఆ నీళ్లను ఎవరూ తాగకూడదు, ప్రయోగం కాగానే పారబోయాలి.

రాసిన విద్యార్థి అదే గదిలో నిలబడి చూడాలి, నోరు మాత్రం తెరవకూడదు. ఇది చాలా కష్టమైన నియమం. క్యాంటీన్ అమ్మ కాగితం చూసి, బకెట్టు చూసి, ‘గీత ఏడుంది బిడ్డా, గిండ్ల గీతనే లేదు గదా’ అంటుంది. విద్యార్థి చెయ్యి చూపబోతాడు. ఆపండి. ఆ గీత బకెట్టు మీద గీయలేదన్న సంగతి అతని నోటు పుస్తకంలోకి వెళ్లాలి, ఆమె చెవిలోకి వెళ్లకూడదు. చదువరి ఎక్కడ ఆగింది, ఏ వాక్యాన్ని రెండోసారి చదివింది, ఎక్కడ కాగితాన్ని పక్కన పెట్టి తన తెలివితో చేసింది అన్న మూడు సంగతులను గడియారం చూసి రాసుకోమనండి. పని అయిపోయాక ‘బాగుందా’ అని అడగనివ్వకండి, మర్యాదకు ఎవరైనా బాగుందనే అంటారు. ‘ఈ పని రేపు మీ ఇంట్లో చేయాలంటే మొదట ఏం చేస్తారు?’ అని అడిగితే కాగితంలో ఏది మనసులో నిలిచిందో తెలుస్తుంది.

ఒక్కసారి ఇలా నిలబడి చూసిన విద్యార్థి మీరు ఎర్ర సిరాతో రాసే వ్యాఖ్యల కంటే ఎక్కువ నేర్చుకుంటాడని నా గట్టి నమ్మకం. సమయం లేదని దేన్నైనా వదిలేయవలసి వస్తే దీన్ని మాత్రం వదలకండి.

రిపోర్టు: అంకెకు తోడుగా షరతు

ఇప్పుడు అదే విషయాన్ని ల్యాబు రిపోర్టుగా రాయించండి. పరిచయం, పద్ధతి, ఫలితాలు, చర్చ అనే నాలుగు భాగాల వరుస అందరికీ తెలిసినదే. రాసే వరుస మాత్రం వేరుగా ఉండాలి: ముందు పద్ధతి, తరువాత ఫలితాల పట్టిక, ఆపైన చర్చ, తరువాత పరిచయం, అన్నిటికంటే చివర సారాంశం. సారాంశంతో మొదలుపెట్టిన విద్యార్థి తాను ఇంకా చేయని పని గురించి గొప్పగా రాస్తాడు.

పద్ధతి భాగంలో ఏది రాయాలి, ఏది వదలాలి అన్నది విద్యార్థికి తెలియదు. ఒక ఉదాహరణ చూపండి. ఫ్లోరైడ్‌ను అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో, అంటే ఒక్క రకం అయాన్‌నే కొలిచే మీటరు కడ్డీతో, కొలిచేటప్పుడు నమూనాకు సమాన పరిమాణంలో టిసాబ్ అనే బఫర్ ద్రావణం కలుపుతారు. పటికతో శుద్ధి చేసిన నీళ్లలో కొద్దిగా అల్యూమినియం మిగిలి ఉండవచ్చు. అది ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది. బఫర్ కలపకపోతే మీటరు ఆ పట్టుబడ్డ ఫ్లోరైడ్‌ను చూడలేక అసలు కంటే తక్కువ అంకె చూపుతుంది. నీళ్లు బాగుపడ్డాయని రిపోర్టు చెబుతుంది, నిజానికి బాగుపడి ఉండకపోవచ్చు. కాబట్టి ఎలక్ట్రోడ్ కంపెనీ పేరు రాయడం మరిచినా ఫరవాలేదు గానీ, బఫర్ కలిపిన సంగతి, ఎంత కలిపిందీ రాయడం మరవకూడదు. ఏ వివరం లేకపోతే చదివేవాడు ఫలితాన్ని నమ్మలేడో ఆ వివరమే పద్ధతి భాగంలో ఉండాలి. ఈ సూత్రాన్ని ఇలాంటి ఒక్క ఉదాహరణతో చెబితే చాలు.

అంకెల దగ్గర ఇంకా కఠినంగా ఉండండి. ‘ఫ్లోరైడ్ పరిమితి 1.5’ అని దాదాపు ప్రతి రిపోర్టులో కనిపిస్తుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 2012 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ ఆమోదయోగ్యమైన పరిమితి లీటరుకు 1.0 మిల్లీగ్రాము. వేరే నీటి వనరు లేని చోట మాత్రమే 1.5 వరకు అనుమతి ఉంది. ఆ షరతును వదిలేసి అంకెను ఒక్కదాన్నే రాస్తే, లీటరుకు 1.3 మిల్లీగ్రాములున్న బోరు సురక్షితమని పంచాయతీ అనుకుంటుంది. అంకె పక్కన ప్రమాణం, ప్రమాణం పక్కన షరతు, అన్నిటి పక్కన షరతు వర్తించే సందర్భం ఉండాలి. కొలమానాన్ని (యూనిట్‌ను) వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి 1999లో అంగారకుడి దగ్గర నాశనమైన నాసా వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ ఉదాహరణ సరిపోతుంది. ఒక బృందం పౌండ్ల లెక్కలో ఇచ్చిన విలువలను ఇంకొక బృందం న్యూటన్ల లెక్కగా తీసుకొంది. అయితే ఆ కథ దగ్గర ఎక్కువసేపు ఉండకండి, విద్యార్థులు అంతరిక్షంలోకి వెళ్లిపోయి తమ పట్టికను మరచిపోతారు.

పట్టికల విషయంలో రెండు అలవాట్లు చేయించండి. మీటరు కచ్చితత్వం ఎంతవరకో అన్ని దశాంశ స్థానాలే రాయాలి, కాల్‌క్యులేటర్ చూపిన ఎనిమిది స్థానాలూ కాదు. పట్టికలో ఉన్న ప్రతి అంకెనూ కింద పేరాలో మళ్లీ చెప్పకుండా, ఆ పట్టికలో చదువరి చూడవలసిన ఒక్క సంగతిని చెప్పాలి.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో మీ తరగతిలో చాలామంది పదో తరగతి వరకు తెలుగులో చదివి వచ్చినవారే. వారికి ఇంగ్లీషు వ్యాకరణాన్ని మొదటి నుంచి చెప్పడానికి ఈ పేపరు సమయం చాలదు. అలా మొదలుపెడితే వారి ఆలోచన కూడా ఆ తప్పుల భయంలోనే ఆగిపోతుంది. ముందు విషయాన్ని తెలుగులో, నోటితో, పక్క విద్యార్థికి వివరించమనండి. ఆ వివరణను పక్క విద్యార్థి తిరిగి చెప్పాలి. అక్కడ తేడా వస్తే ఆ లోపం ఆలోచనలో ఉన్నదే గానీ ఇంగ్లీషులో ఉన్నది కాదని ఇద్దరికీ అర్థమవుతుంది. ఆ తరువాతే రాత.

ఇంటి సూచనల కాగితాన్ని తెలుగులోనే రాయించండి, మార్కులు కూడా దానికి పూర్తిగా ఇవ్వండి. రిపోర్టు ఇంగ్లీషులో రాయిస్తే, పొట్టి వాక్యాలు, ఒక వస్తువుకు కాగితం పొడుగునా ఒకే పేరు, కర్త ఎవరో తెలిసే క్రియ అనే మూడింటి మీదే పట్టు పట్టండి. మిగతా తప్పులను మొదటి ముసాయిదాలో వదిలేయండి. అన్ని తప్పులూ ఒకేసారి గుర్తించిన కాగితం అందుకున్న విద్యార్థి ఒక్కటీ దిద్దడు.

ఉత్తరాలు, ఈమెయిళ్లు

వీటికి ఒక వారం చాలు. పంచాయతీ కార్యదర్శికి నీటి పరీక్ష ఫలితాలు తెలియజేస్తూ ఒక పేజీ ఉత్తరం రాయించండి. అడిగేది ఏమిటో మొదటి పేరాలోనే రావాలి, ఆధారం రెండో పేరాలో, ఏ తేదీలోగా ఏం చేయాలో మూడో పేరాలో ఉండాలి. ‘తమరి దివ్య సముఖమునకు’ వంటి మాటలు తీసేయించండి, మర్యాద మాత్రం తగ్గనివ్వకండి. సమాచార హక్కు చట్టం, 2005 కింద ఒక దరఖాస్తు కూడా రాయించవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలని చట్టం చెబుతుంది కాబట్టి, అడిగిన ప్రశ్న ఎంత సూటిగా ఉంటే జవాబు అంత సూటిగా వస్తుందన్నది విద్యార్థులు స్వయంగా చూస్తారు.

నలుగురి ముందు చెప్పడం

సెమినార్లలో విద్యార్థి తెర వైపు తిరిగి స్లైడు చదువుతూ ఉంటే, దానికి కారణం భయం ఒక్కటే కాదు, స్లైడు మీద పేరాలకు పేరాలు ఉండటం. మొదటి ప్రదర్శన స్లైడ్లు లేకుండా పెట్టండి. ఒక బకెట్టు, ఒక సుద్దముక్క, అయిదు నిమిషాలు. ఎదురుగా కూర్చున్నవారిలో ఇద్దరికి పాత్రలు ఇవ్వండి. ఒకరు సర్పంచి, ‘దీనికి ఖర్చెంత, రోజూ ఎవరు చేయాలి?’ అని అడుగుతారు. ఇంకొకరు గ్రామీణ నీటి సరఫరా ఇంజినీరు, ‘మిగిలిన అల్యూమినియం కొలిచారా?’ అని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ ఒకే విద్యార్థి రెండు రకాలుగా జవాబు చెప్పవలసి వస్తుంది. తెలియనప్పుడు ‘అది మేము కొలవలేదండీ’ అని తల ఎత్తి చెప్పిన విద్యార్థికి మార్కులు తగ్గించకండి, పెంచండి. రెండో ప్రదర్శనలో స్లైడ్లు ఇవ్వవచ్చు, స్లైడుకు ఒక్క చిత్రం లేదా ఒక్క పట్టిక చొప్పున.

దిద్దుబాటు, మార్కులు

అరవై మంది తరగతిలో ప్రతి కాగితాన్నీ మూడు సార్లు దిద్దడం ఒక్క అధ్యాపకుడి వల్ల అయ్యే పని కాదు. నలుగురేసి బృందాలుగా విడగొట్టి, మొదటి ముసాయిదాను ఒక బృందం ఇంకొక బృందానికి ఇచ్చి చదివించండి. ‘బాగుంది’, ‘బాగాలేదు’ అనే మాటలు నిషేధించి, మొదటి రెండు వారాల్లో తయారు చేసుకున్న లోపాల జాబితా ప్రకారమే వ్యాఖ్య రాయమనండి. మీరు రెండో ముసాయిదాను మాత్రం తీసుకొని, కాగితానికి రెండు మూడు వ్యాఖ్యలకు మించకుండా రాయండి. ఇంటర్నల్ మార్కులలో పెద్ద భాగాన్ని ముసాయిదాకు, సవరించిన ప్రతికి మధ్య వచ్చిన మార్పుకు కేటాయించండి. మొదటి నుంచే బాగా రాసే విద్యార్థికి అన్యాయం జరుగుతుందని కొందరు అంటారు. అలాంటి విద్యార్థికి కష్టమైన పాఠకుణ్ని ఇవ్వండి, ఉదాహరణకు పదేళ్ల పిల్లలను.

చాట్‌బాట్‌ల సంగతి దాచిపెట్టి లాభం లేదు. ఫోను ఉన్న ప్రతి విద్యార్థీ వాడతాడు. నల్లగొండ టెక్నిక్ గురించి ఒక పేజీ రాయమంటే అవి నున్నగా రాసి ఇస్తాయి, కానీ ఫలానా బోరు నీళ్లకు ఎంత పటిక అన్నది, క్యాంటీన్ అమ్మ ఏ వాక్యం దగ్గర ఆగిందన్నది వాటికి తెలియదు. మీరిచ్చే పని ఎప్పుడూ విద్యార్థి కళ్లతో చూసిన దాని మీద, చేత్తో కొలిచిన దాని మీద ఆధారపడి ఉండేలా చూసుకుంటే ఈ సమస్య చాలావరకు తగ్గుతుంది. ప్రయోగం రోజు రాసుకున్న నోట్సు పేజీలను రిపోర్టుతో పాటు జతచేయడం తప్పనిసరి చేయండి. పీజీ, పరిశోధన స్థాయి థీసిస్‌లకు రచనా చౌర్యంపై యూజీసీ 2018 నిబంధనలు వర్తిస్తాయని, ఇతరుల రచనతో పోలిక 10 శాతం దాటితే చర్య ఉంటుందని కూడా చెప్పండి. ఆ శాతం భయంతో మాటలు మార్చి రాసే అలవాటు పడకుండా, ఎవరి నుంచి ఏది తీసుకున్నారో చెప్పే పద్ధతిని మొదటి రిపోర్టు నుంచే అమలు చేయించాలి.

చివరి వారం

బాగా వచ్చిన ఇంటి సూచనల కాగితాన్ని ఒకదాన్ని ఎంచి, రసాయన శాస్త్ర విభాగం చేత సరిచూయించండి. ఏ బోరు నీళ్లకు రాసిందో, పరీక్ష ఏ తేదీన జరిగిందో, ఎవరిని సంప్రదించాలో కాగితం అడుగున రాయించండి. ఆ విభాగం సంతకం లేకుండా దాన్ని విశ్వవిద్యాలయం బయటికి ఇవ్వకండి. ముసాయిదాలు, చదువరులను గమనించి రాసిన నోట్సు, చివరి ప్రతి అన్నీ ఒక ఫైలులో కట్టి విభాగం అల్మరాలో ఉంచండి. వచ్చే బ్యాచ్ విద్యార్థులకు మూడో వారంలో ఇచ్చే మొదటి పని, ఈ ఫైలులోని చివరి ప్రతిని మళ్లీ ఒక కొత్త చదువరి చేత చేయించి, ఆమె ఎక్కడ ఆగిందో రాసుకోవడం.